మూడో ఇరుసు

కదలకూడదు. గంటసేపు అస్సలు కదలకూడదు. బిష్టుపూర్‌లో ఈ రెండు ట్యూబుల జిగురు అమ్మిన కొట్టువాడు "ఏక్ ఘంటా హిలానా మత్, మాతాజీ" అని వేలు ఊపి మరీ చెప్పాడు, నేనేదో బళ్ళో పిల్లనైనట్టు. సరే, కదలను. ఎడమచేతిలో బొమ్మ ఇంజను అడుగుభాగం, ఇత్తడి ఫ్రేము. కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఆఖరి చక్రం. మూడు ఇరుసుల్లో రెండు కుదిరిపోయాయి, ఇది మూడోది. ఇరుసుకి జిగురు రాసి, చక్రం తొడిగి, సరైన వాటం దగ్గర ఆపి పట్టుకునేసరికి గోడ గడియారంలో మూడున్నర. నాలుగున్నరదాకా నేను గౌరీదేవిని కాను, పట్టకారుని. ముక్కు దురద పెడుతోంది. ఇప్పుడే పెట్టాలా దీనికి, ఇంతసేపూ ఏం చేసింది? మోచేతులు మోకాళ్ళకి ఆనించుకుని వంటింటి గుమ్మం దగ్గర పీటమీద కూర్చున్నాను, ఊపిరి కూడా నెమ్మదిగా వదులుతున్నాను. వెంట్రుకవాసి తేడా వచ్చిందా, చక్రాలు మూడు జతలూ కలిసి తిరగవు, బండి బిగుసుకుపోతుంది, నెలల తరబడి చేసిన పని గంగలో కలుస్తుంది. బండి పోతే పోయింది, బొమ్మే కదా. కానీ ఈ బండి తిరక్కపోతే సోనీ మాటే నెగ్గుతుంది. అది మాత్రం నేను పడనివ్వను.

సోనీ మా అమ్మాయి. బిష్టుపూర్‌లోనే కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెబుతుంది. నేను తెలుగులో అడిగితే తను హిందీలో జవాబిస్తుంది, ఈ ఊళ్ళో పుట్టిన పిల్లలందరూ అంతే. ఈ పొద్దున టిఫిన్ డబ్బా సంచిలో కుక్కుకుంటూ, వాళ్ళ నాన్న కుర్చీవైపు చూడకుండా, గోడకి చెప్పినట్టు చెప్పింది. "మా, పాపా కుఛ్ నహీ సమఝ్‌తే. ఆప్ అకేలీ బోల్తీ హో, అకేలీ బనాతీ హో." నాన్నకి ఏమీ అర్థం కాదట. నేనొక్కదాన్నే మాట్లాడుకుంటున్నానట, ఈ బండి నేనొక్కదాన్నే కట్టుకుంటున్నానట. చేతిలో అట్లకాడ ఉంది, విసిరేసేదాన్నే. "నీకు తెలీదని సెప్పు. ఆయనకి అన్నీ తెలుత్తన్నాయి. ఆఖరి చక్రం మీ నాన్న సెప్పినట్టే పెడతాను, సాయంత్రం ఒచ్చి సూడు, అప్పుడేటంటావో" అన్నాను. సోనీ చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. తొమ్మిది నెలలుగా అది వాళ్ళ నాన్న ముఖంలోకి తిన్నగా చూడలేదు. అన్నం పళ్ళెం పెడితే పక్కనుంచి పెడుతుంది, మందులిస్తే అరచేతిలో పోసి వెనక్కి తిరుగుతుంది. ఎంత గుండె రాయి చేసుకుందో పిల్ల అని ఏడ్చాను కూడా. అంట్లు తోముతుంటే నాకే అనుమానం వచ్చింది, చక్రం పెట్టేది నేను కదా, ఆయన చెప్పినట్టు సాక్ష్యం ఏముంది? అప్పుడు తట్టింది కుక్కరు సంగతి. కందిపప్పు పెట్టి, పొయ్యి పక్కనే కుర్చీ వేసి ఈయన్ని కూర్చోబెట్టాను. గ్యాసు నాబు ఎడమచేతికి జానెడు దూరం. ఆ చెయ్యి బాగానే ఉంది, అన్నం దానితోనే తింటారు. "ఏమండీ, నాను చక్రం పట్టుకుని కూకుంటాను, లెగలేను. మూడు విజిల్సు ఒచ్చాక దీన్నిలాగ తిప్పీయండి" అని ఆ చేతిమీద నా చెయ్యి వేసి ఒకసారి తిప్పి చూపించాను. "ఆల్‌రైట్" అన్నారు, చెయ్యెత్తి. టాటానగర్ షెడ్డులో ముప్పై ఒక్క ఏళ్ళు ఆవిరి బళ్ళ మీద బతికిన మనిషికి కుక్కరొక లెక్కా?

కూర్చోబెట్టడం కూడా తెలివిగానే కూర్చోబెట్టాను. ఇక్కణ్ణుంచి నాకు ఎడమ చెంప కనిపిస్తుంది. ఎడమనుంచి చూస్తే మా భీమారావుగారికి ఏమీ కానట్టే ఉంటుంది. అదే ముక్కు, అదే మీసం, బొగ్గు నుసి చెవి వెనక ఎక్కడో ఇంకా ఉందేమో అన్నట్టు నల్లటి మెడ. వంకర పోయింది కుడివైపు. అటు చూడ్డం నాకిష్టం లేదు, మందులు వేసేటప్పుడు తప్ప చూడను. మొదటి విజిల్ వచ్చింది. ఈయన తల కాస్త ఎత్తారు. చూశావా, సోనీ, చూశావా! రెండు ఇంకా, రెండు వచ్చాక ఆ చెయ్యి కదులుతుంది, సాయంత్రం నువ్వు చెప్పులు విప్పకముందే చెబుతాను. వేళ్ళు అప్పుడే మొద్దుబారుతున్నాయి. మొద్దుబారితే మంచిదే, వణకవు.

ఈ బండి ఇంగ్లండునుంచి వచ్చింది. ఎనభై ఎనిమిదిలోనో ఎప్పుడో ఒక ఫోటోల దొర దిగాడు, ఆవిరి ఇంజన్లంటే పిచ్చి అతనికి, రెండు రోజులు ఈయన బండి మీదే తిరిగాడు, నేను కట్టిచ్చిన చారన్నం చేత్తో తిని మూతి తుడుచుకున్నాడట, మసి, చారు కలిసి మీసం మొలిచిందట, ఈయన ఇంటికొచ్చి చెప్పి చెప్పి నవ్వారు. అయిదేళ్ళకి పార్సిల్. పైన డ్రైవర్ భీమారావు, లోకో షెడ్, టాటానగర్ అని అంతే, అదే చేరింది. పెట్టె విప్పితే ఇత్తడి రేకులు, వాటిలోంచి కోసుకోవలసిన ముక్కలు, తెల్లటి మెత్తటి లోహంతో పోసిన పొగగొట్టం, గుమ్మటం, కాగితం పొట్లాల్లో చీమతలంత స్క్రూలు, ఒక పుస్తకం నిండా ఇంగ్లీషు. "ఇది మన బండి కాదే గౌరీ, దొర బండి. ఐనా బండి బండే. రిటైరయ్యాక కడదాం" అన్నారు. షెడ్డు మూసేశారు, ఈయన్ని డీజిలు మీద వేశారు, అది ఈయనకి రుచించలేదు, మూడు బటన్లు నొక్కడం కూడా ఒక ఉద్యోగమా అనేవారు. రిటైరై బాగ్‌బేరాలో ఈ రెండు గదుల ఇంట్లోకి వచ్చాక ఆ పెట్టె మళ్ళీ విప్పారు. పైభాగమంతా తనే సీసం కరిగించి మాటు వేశారు, పొగకి నాకు దగ్గు. ఆ రోజుల్లోనే ఒకసారి, ఇదిగో ఈ గుమ్మంలోనే, నా రెండు మణికట్లు పట్టుకుని తిప్పారు, బండి చక్రాలు తిరిగినట్టు. "కుడి సెయ్యి పైకున్నపుడు ఎడమ సెయ్యి ముందుకుండాల. పావు సుట్టు తేడా. రెండూ ఒక్కలాగే ఉన్నాయనుకో, ఒకపాలి రెండూ ఒకేసారి సచ్చిపోతాయి, బండి కదల్దు. ఇలాగైతే ఒకటి సచ్చినా రెండోది లాక్కుపోద్ది" అన్నారు. వీధిలో వాళ్ళు చూస్తున్నారండీ అని చేతులు లాక్కున్నాను. లాక్కోకుండా ఉండాల్సింది. ఇంకాసేపు తిప్పించుకుంటే నా సొమ్మేం పోయింది?

రెండో విజిల్. నాబు మీదికి చూపు వెళ్ళిందా? వెళ్ళినట్టే ఉంది. కిటికీ వెలుగు కళ్ళలో పడి సరిగ్గా తెలియడం లేదు.

తొమ్మిది నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి పక్కంతా పడిపోయింది, మాట మొత్తం పోయింది. రైల్వే ఆస్పత్రిలో పద్దెనిమిది రోజులు. పెద్ద డాక్టరు మంచాయన, కూర్చోబెట్టి చెప్పాడు, మాట తయారయ్యే చోటే దెబ్బ తగిలింది, అర్థం చేసుకునే చోట కూడా తగిలినట్టుంది, ఎంత తిరిగొస్తుందో చెప్పలేం అని. ఇంటికి తెచ్చాక నెల రోజులు ఈయన గోడ చూస్తూ కూర్చున్నారు. అప్పుడొచ్చాడు పోలయ్య, ఈయన బండి మీద పదేళ్ళు బొగ్గువేసే ఫైర్‌మన్‌గా చేసినవాడు. గుమ్మంలో నిలబడి ఏడుపు ఆపుకోలేక, ఏం మాట్లాడాలో తెలియక, బండి మీద అరిచినట్టు అరిచాడు. "ఉస్తాద్! సిగ్నల్ డౌన్!" ఈయన గోడమీంచి చూపు తిప్పి, ఎడమచెయ్యి ఎత్తి, ఖంగుమని, "ఆల్‌రైట్" అన్నారు. పోలయ్య కాళ్ళు పట్టేసుకున్నాడు. "ఒదినా, మాటొచ్చింది! ఉస్తాద్‌కి అన్నీ గేపకమున్నాయి! సూడండి, సిగ్నల్‌కి జవాబిచ్చాడు!" నేను దేవుడి పటం ముందు కొబ్బరికాయ కొట్టాను, మూడు దెబ్బలకి పగిలింది. మర్నాడే మంచం కిందనుంచి ఆ పెట్టె తీసి బల్లమీద పెట్టాను. సగం కట్టిన బండి. ఈయనకి చేతులు లేవు, నాకు తెలివి లేదు. నా చేతులు, ఆయన తెలివి కలిపితే సరిపోతుంది అనుకున్నాను. ఒక్కొక్క ముక్క తీసి ముఖం ముందు పట్టుకోవడం, "ఇదేనా? ఇక్కడేనా?" అని అడగడం. ఆల్‌రైట్ అంటే బిగించడం. అలాగే కట్టుకొచ్చాం ఇంతదాకా. ఇద్దరమూ కలిసి. ముప్పై ఏళ్ళ కాపురంలో ఇంతసేపు ఎదురెదురుగా కూర్చున్నది ఎన్నడూ లేదు, ఎప్పుడూ డ్యూటీయే, నేను చూసేది మసి బట్టలే.

మూడో విజిల్.

ఇదిగో. ఇప్పుడు. "ఏమండీ." ఈయన ఇటు తిరిగారు. "మూడయ్యాయండి, గ్యాసు కట్టీయండి." ఎడమచెయ్యి లేచింది. నా గుండె కూడా లేచింది. చెయ్యి పైకెళ్ళి, తల పక్కన ఆగి, "ఆల్‌రైట్" అని, మళ్ళీ ఒళ్ళోకి దిగింది. పోనీలే, లెక్కలో తేడా వచ్చి ఉంటుంది, మొదటిది సగం విజిలే కదా, ఆయన దాన్ని లెక్కపెట్టి ఉండరు. ఇంజను మనిషికి సగం కూత కూత కాదు. నాలుగోదానికి తిప్పుతారు. నాలుగోది కూడా వచ్చింది. "అదిగో, నాబు. నాబు తిప్పండి. ఎడమ పక్కనే ఉంది." ఆల్‌రైట్. నిద్రమత్తులో ఉన్నారేమో, మధ్యాహ్నం మాత్ర వేసుకుంటే కాసేపు మగతగా ఉంటుంది. ఆ మగత చాలాసార్లే ఉంటుంది. బఫర్లు బిగించినప్పుడు కూడా, బండి ముందు రెండు గుండ్రటి బిళ్ళలుంటాయే, అవి తలకిందులుగా పట్టుకుని అడిగితే ఆల్‌రైట్ అన్నారు. బిగించబోతే పట్టలేదు. తిప్పి పట్టుకుని మళ్ళీ అడిగితే మళ్ళీ ఆల్‌రైట్. అమ్మ దొంగా, నన్ను వేళాకోళం చేస్తున్నారా అని నవ్వాను. ఆయనకి వేళాకోళం అలవాటే. నేను అత్తవారింట్లో అడుగుపెట్టిన రోజే ఉప్పు డబ్బామీద పంచదార అని రాసిన మనిషి. రెండో ఇరుసు మీది చక్రం కూడా ఒకసారి తప్పు పెట్టాను, ఊడదీసి, జిగురు గీకి, మళ్ళీ పెట్టాను. ఆ తప్పుకీ ఆల్‌రైట్ అన్నారు. అప్పుడేమనుకున్నాను? కళ్ళజోడు లేదు కదా, కనిపించి ఉండదు అనుకున్నాను. కళ్ళజోడు పెట్టాక అడిగానా? అడగలేదు. ఎందుకడగలేదే గౌరీ?

కిటికీ బయట కేకలు. వారానికి రెండుసార్లు వచ్చే నీళ్ళ టాంకరు, ఇవాళే రావాలి, ఈ గంటలోనే రావాలి. పక్కింటి అసిరమ్మ కిటికీ ఊచలు పట్టుకుని లోపలికి చూస్తోంది. "ఓలొదినా! టాంకరొచ్చింది, బిందెలు తెత్తావేటి? అలగ కూకుండిపోనావేటి, ఒంట్లో బాలేదా?" "చెయ్యి కాళీ లేదే, నువ్వే రెండు బిందెలు పట్టీ" అన్నాను పెదవులు కదిపీ కదపనట్టు. "కుక్కరు కూత్తంది సూడు, ఆపవేటి?" "మీ అన్నయ్య ఆపుతారు." అసిరమ్మ ఈయనవైపు చూసింది, నావైపు చూసింది, టాంకరువైపు వెళ్ళిపోయింది. ఆ చూపు నాకు నచ్చలేదు. నా మొగుడిమీద అలా జాలిపడే హక్కు దానికెవరిచ్చారు? బిందె పట్టకపోతే మానె.

ఎనిమిదో తొమ్మిదో. లెక్క తప్పింది. లేచి కట్టేయొచ్చు. రెండడుగులు. చక్రం వదిలేస్తే మళ్ళీ జిగురు గీకి మళ్ళీ పెట్టుకోవచ్చు, అదేమంత పెద్ద పని. లేవడం లేదు నేను. చక్రం కోసం కాదు, తెలుసు నాకు. నేను లేచానా, ఆయన తిప్పలేదని నేనే ఒప్పుకున్నట్టు. కూర్చుంటే ఇంకా తిప్పుతారేమో. ఆయన ఊరుకునే మనిషి కాదు. బాయిలరు లోపల సీసం ప్లగ్గుంటుందట, నీళ్ళు తగ్గిపోతే అది కరిగి ఆవిరి నిప్పుమీద పడుతుందట, అంతకు మించిన తలవంపు డ్రైవరుకి ఇంకోటి లేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క ప్లగ్గు కరగనివ్వలేదు ఈయన. షెడ్డులో కొత్తవాళ్ళకి చూపించి చెప్పేవారట, భీమారావుని చూసి నేర్చుకోండ్రా అని. ఇంట్లో కూడా అదే గోల, నేను కుక్కరు పెడితే చాలు, పేపరు చదువుతున్నవారు తలెత్తకుండానే "నీలు సూసుకో గౌరీ, ప్లగ్గు పోతాది" అనేవారు. ఒక్క రోజు మానింది లేదు. విని విని విసుగొచ్చి, మీరే వండుకోండి అని గరిటె ఆయన పేపరు మీద పెట్టాను ఒకసారి. అలాంటి మనిషి ఊరుకుంటారా? నీళ్ళు తగ్గుతున్న చప్పుడు నాకే తెలుస్తోంది, కూత పొడిబారింది. ఆయనకి తెలీదా? నా వేళ్ళకి ఇప్పుడు చక్రం ఉందో లేదో తెలియడం లేదు, చూస్తేనే తెలుస్తోంది ఉందని. అనండి, ఒక్కసారి. నీలు సూసుకో అనండి. నాబు తిప్పకపోయినా పోనీ, ఆ మాటంటే చాలు, నేను లేచిపోతాను.

పెళ్ళయిన కొత్తలో రాత్రి డ్యూటీలు. పొద్దున్నే వచ్చి, తలమీంచి నాలుగు చెంబులు పోసుకుని, పగలంతా పడుకునేవారు, నేను కిటికీకి దుప్పటి కట్టేదాన్ని. కొత్త ఊరు, మాట్లాడే మనిషి లేడు, ఈయన లేచేదాకా చేసే పని లేదు. పోలయ్య చెప్పాడు నాకు, బండి మీద ఫైర్‌మన్ సిగ్నల్ రెక్క దిగి దారిచ్చిందని చూసి అరవాలట, డ్రైవరు చెయ్యెత్తి జవాబివ్వాలట, ఇవ్వకపోతే నేరమట, గాలికీ చప్పుడుకీ వినపడకపోయినా నోరు దానంతటదే అనేస్తుందట. ఒక మధ్యాహ్నం ఏమీ తోచక చెవి దగ్గర నోరు పెట్టి మెల్లిగా "ఉస్తాద్, సిగ్నల్ డౌన్" అన్నాను. కళ్ళు మూసుకునే చెయ్యెత్తి "ఆల్‌రైట్" అన్నారు. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. మళ్ళీ అన్నాను, మళ్ళీ జవాబు. నాలుగోసారికి, "ఉస్తాద్, ఆవకాయ డౌన్" అన్నాను. ఆల్‌రైట్. "ఉస్తాద్, మీ పెళ్ళాం బావిలో పడింది." ఆల్‌రైట్. నవ్వలేక మంచం దిగి కింద కూర్చున్నాను, ఒళ్ళంతా చెమట. సాయంత్రం లేచాక చెబితే ఒప్పుకోలేదు, నేనలా అనలేదు, నిద్రలో నాకేం తెలుసు అన్నారు. నిద్రలో నాకేం తెలుసు. ఓలమ్మో. నిద్రలో నాకేం తెలుసు అన్నారు కదే. ఆ మాట ఆయన అనేది కాదు, నోరు అనేది. అది నాకు ఇరవయ్యేళ్ళ వయసులోనే తెలుసు, అందరికన్నా ముందు నాకే తెలుసు, డాక్టరు చెప్పక్కర్లేదు, సోనీ చెప్పక్కర్లేదు. తెలిసీ ఇన్ని నెలలు.

మాడు వాసన. విజిల్ రావడం ఆగిపోయింది. ఆగిపోయిందంటే ఏమిటో నాకు తెలుసు, లేవాలనుకున్నాను, కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేదు. ఫట్‌మని కుక్కరు ప్లగ్గు పోయింది. ఆవిరి, మాడు పప్పు కలిసి గోడమీదికి, కప్పుమీదికి, పొయ్యిమీదికి చిమ్మింది, ఇల్లంతా పచ్చటి పొగ. ఆ పొగలో ఈయన, కుర్చీలో నిటారుగా, ఎడమచెయ్యి ఎత్తి, ఖంగుమని. "ఆల్‌రైట్."

చేతిలో బండి ఎక్కడ పడేశానో తెలీదు, పీటమీదే పెట్టినట్టున్నాను. గ్యాసు కట్టేశాను. కుర్చీ వెనక్కి లాగాను. కుడిచేతిమీద పప్పు చింది పడింది, మణికట్టు పక్కన అణా బిళ్ళంత ఎర్రగా కమిలింది. ఆ చేతికి ఏమీ తెలీదు. ఆయనకీ తెలీదు. నవ్వుతున్నట్టు ఉంది ముఖం. చెంబుతో నీళ్ళు పోస్తూ పోస్తూ నాకు ఏడుపు తన్నుకొచ్చింది, సిగ్గేసింది, నా పంతం కోసం ఈయన్ని పొయ్యి పక్కన కట్టేసినట్టు కూర్చోబెట్టాను కదా, కాస్త ఇటైతే ముఖం కాలిపోను. "మండుతుందేటండీ?" ఆల్‌రైట్. ఇంక ఎదురుగా గొంతుక్కూర్చున్నాను. ఎడమ పక్క కాదు, సరిగ్గా ఎదురుగా, వంకర పోయిన ఆ పక్క కూడా కనబడేలా, ఎంగిలి కారుతున్న ఆ మూల కూడా కనబడేలా. "ఏమండీ, ఇది ఇంజనేనా?" ఆల్‌రైట్. "కాదు, గేదె. గేదేనా?" ఆల్‌రైట్. "నా పేరు గౌరి కదండీ?" ఆల్‌రైట్. "గౌరి సచ్చిపోయింది కదండీ?" చెయ్యి లేచింది. ఆల్‌రైట్. చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది, ఎవరి చెంపో తెలీదు. ఎన్ని చెప్పాను ఈయనకి! ముప్పై ఏళ్ళలో చెప్పనివన్నీ ఈ ఏడెనిమిది నెలల్లో, ఒక్కొక్క స్క్రూ బిగిస్తూ చెప్పాను, మా అమ్మ పోయినప్పుడు మీరు రాలేదని చెప్పాను, ఐనా నాకు మీమీద కోపం లేదని చెప్పాను, అన్నింటికీ చెయ్యెత్తారు, అబ్బ, ఎంత బాగా వింటున్నారు అనుకున్నాను. ఎవరున్నారు అక్కడ? నేను ఎవరితో కాపురం చేశాను ఇన్నాళ్ళూ?

పీటమీద బండి ఉంది. వదిలేసినా జిగురు పట్టేసింది, గంటకి ఇంకా పది నిమిషాలుంది గానీ పట్టేసింది. వేలితో తోశాను. మూడు జతల చక్రాలూ తిరిగాయి. రాడ్లు రెండు పక్కలా పైకీ కిందకీ, కుడిది పైనుంటే ఎడమది ముందు, ఎక్కడా పట్టలేదు, ఎక్కడా ఆగలేదు, నూనె రాసినట్టు. ఇంకోసారి తోశాను. తప్పేమీ లేదు. ఎవరూ చెప్పకుండా, ఇంగ్లీషు ముక్క రాకుండా, బొమ్మలు చూసి, తప్పు పెట్టి, ఊడదీసి, నేనే పెట్టానన్నమాట ఇదంతా. సంతోషం వేస్తుందేమోనని చూశాను. వెయ్యలేదు. ఒంటరిగా ఇంత పని చేశానని తెలిస్తే ఎవరికి కావాలి ఆ సంతోషం? సోనీ చెప్పింది అదే కదా పొద్దున, ఆప్ అకేలీ బనాతీ హో. రానీ, వస్తే చెప్పేస్తాను, నువ్వు నెగ్గావే, నాదే తప్పు అని. పెట్టె కట్టేసి మంచం కిందికి తోసేద్దాం. ఇక అడగడాలు లేవు, ఇదేనా ఇక్కడేనా లేవు. అన్నం పెట్టడం, ఒళ్ళు తుడవడం, మందులు, అంతే. ఎన్నాళ్ళో అన్నాళ్ళు.

గేటు చప్పుడైంది. సోనీ ముక్కు పట్టుకుని లోపలికొచ్చింది. "క్యా హువా, మా? యే క్యా జలా?" ఏం మాడిందని. "నేనే మర్చిపోనాను, చక్రం పట్టుకుని కూకుండిపోయి" అన్నాను. తక్కినది చెప్పబోయాను. కానీ అది నన్ను చూడ్డం లేదు, పీటవైపు చూస్తోంది. చెప్పులు విప్పకుండానే వంగి, వేలితో చక్రం తోసింది. తిరిగింది. ఇటు తోసింది, అటు తోసింది. ఎంతసేపు చూసిందో. అది తల పైకెత్తేసరికి ముఖం నేనెప్పుడో చూసి మర్చిపోయిన ముఖం, నాలుగేళ్ళప్పుడు తప్పిపోయి రాత్రికి దొరికినప్పటి ముఖం. "మా. సచ్ బోలో. యే పాపా నే బతాయా?" నిజం చెప్పు, నాన్నే చెప్పారా? నిజం చెప్పడానికే నోరు తెరిచాను. కళ్ళల్లో అంత ఆశ పెట్టుకుని అడుగుతుందని నేనెక్కడ అనుకున్నాను? తొమ్మిది నెలలు కాదు కాదు అన్న పిల్ల! "నేకపోతే ఈ చక్రాల సంగతి నాకేటి తెలుత్తాదే?" అన్నాను.

అంతే, సంచి అక్కడే జారవిడిచింది. నేలమీద పప్పు ఉందని కూడా చూడకుండా వాళ్ళ నాన్న ఎదురుగా మోకాళ్ళమీద కూర్చుంది, ఆయన ముఖంలోకి తిన్నగా చూసింది. ఏదో చెబుతోంది, ఏడుపులో సగం మాటలు మింగేస్తోంది. ఆయనకి పక్షవాతం వచ్చిన ఆ రోజు పొద్దునట. నేను రేషనుకి వెళ్ళానట. తల పగిలిపోతోంది, ఆస్పత్రిదాకా తోడు రామ్మా అని అడిగారట. క్లాసుంది, సాయంత్రం వెళ్దాం పాపా అందట. మధ్యాహ్నానికి పడిపోయారు. నాకెవరూ చెప్పలేదు ఇది. అర్థం చేసుకునే మనిషైతే ఆ పొద్దుటి సంగతి కూడా గుర్తుంటుంది కదా, అందుకని ఏమీ అర్థం కాదు, ఏమీ అర్థం కాదు అనుకుంటూ తిరిగిందన్నమాట ఇన్నాళ్ళూ, పక్కనుంచి పళ్ళెం పెట్టుకుంటూ. రాతిగుండె అన్నాను దాన్ని. "మైనే రోక్ దియా థా ఆప్‌కో, పాపా. మాఫ్ కర్ దియా నా? బోలో నా, పాపా, మాఫ్ కర్ దియా?" నేనే ఆపేశాను మిమ్మల్ని, క్షమించేశారా అని అడుగుతోంది.

వద్దే, అడక్కు అని అరుద్దామనుకున్నాను. ఆయన ఎడమచెయ్యి లేచింది. "ఆల్‌రైట్" అన్నారు. సోనీ ఆయన ఒళ్ళో తల పెట్టేసి బావురుమంది. ఎత్తిన చెయ్యి దిగడానికి వేరే చోటు లేక దాని తలమీద దిగింది. అది ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని, అలాగే తల తిప్పి నావైపు చూసింది, కళ్ళూ ముక్కూ కారిపోతున్నాయి, నవ్వుతోంది. "మా, సునా ఆప్‌నే? సునా నా?" విన్నావా అని. పావుగంట క్రితం గౌరి చచ్చిపోయిందా అని అడిగితే ఇదే చెయ్యెత్తి ఇదే మాట అన్నారని చెప్పనా దీనికి?

"ఇన్నానమ్మా" అన్నాను.